మా ఆయనకొచ్చిన టిప్పు

మా ఆయన పెళ్ళికి ముందు దేనికీ కంగారుపడని మనిషి. (మా ఆయన అని రాయడం నాకింకా కొత్త. అవసరం ఉన్నచోటా లేనిచోటా రాస్తాను, కాస్త ఓర్చుకోండి.) కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాడు. ల్యాబులో యాసిడ్ సీసా పగిలినా "ముందు కిటికీలు తెరవండి" అని నిదానంగా అనే రకం. అలాంటివాడు కొండల్లోకి హనీమూన్ వెళ్దామని అనుకున్న దగ్గర్నుంచీ ఒకే ఒక్క సంగతికి నిద్ర మానేశాడు. గైడుకీ, సామాను మోసే పోర్టరుకీ టిప్పు ఎప్పుడివ్వాలి? ఎలా ఇవ్వాలి?

"ఒక దేశంలో టిప్పిస్తే అవమానమట," అన్నాడు మంచం మీద బోర్లా పడుకుని, ఫోను ముఖానికి ఆనించుకుని. "ఇంకో దేశంలో ఇవ్వకపోతే అవమానమట. ఒకచోట అందరి ముందూ ఇవ్వకూడదు. ఇంకోచోట చాటుగా ఇస్తే తప్పు పని చేసినట్టట."

"ఇక్కడ కొత్త పెళ్ళాన్ని మేలుకోబెట్టి టిప్పుల గురించి చదివి వినిపించడం అవమానం," అన్నాను. "లైటార్పు."

ఆర్పలేదు. చివరికి ఇద్దరం కలిసి మా పిన్నికి ఫోన్ చేశాం. మా పిన్ని తిరగని దేశం లేదు. ఏ దేశమెళ్ళినా అక్కడి కోటల గురించీ మ్యూజియంల గురించీ ఒక్క ముక్క చెప్పదు గానీ, ఎవరికెంత ఇచ్చిందో, వాళ్ళ ముఖం ఎలా మారిందో పూసగుచ్చినట్టు చెబుతుంది. ఒక ఊళ్ళో హోటల్ బల్ల మీద చిల్లర వదిలేసి వస్తే, వడ్డించినతను ఆ చిల్లర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడట. వీడెవడో దొంగనుకుని ఈవిడ పరుగు. మరిచిపోయారేమోనని వాడి పరుగు. బజారు బజారంతా నిలబడి చూశారట.

"చివర్లో ఇవ్వడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదమ్మాయ్," అంది పిన్ని. "చివర్లో ఇస్తే నీకేం ఒరుగుతుంది? నువ్వెలాగూ వెళ్ళిపోతున్నావాయె. మొదటిరోజే చేతిలో పెట్టు. ఇక చూడు, దారంతా అరచేతుల్లో పెట్టుకుని తీసుకెళ్తారు. అల్లుడుగారు వింటున్నారా?"

అల్లుడుగారు వినడమే కాదు, కాగితం మీద రాసుకుంటున్నారు.

కవర్ల సంగతి నేను చూసుకున్నాను. మా పెళ్ళికొచ్చినవాళ్ళకి చిన్న కానుకలు పెట్టి ఇవ్వడానికి వేయించిన కవర్లు బోలెడు మిగిలిపోయాయి. గులాబీరంగు కవర్లు, మూలన రెండు పిచ్చుకలు, కింద వంకీల అక్షరాల్లో "మీరు వచ్చినందుకు సంతోషం" అని. నాకు ఆ పిచ్చుకలంటే ప్రాణం. వాటిని ఎక్కడ వాడదామా అని చూస్తున్నాను. గైడుకొకటి, పోర్టరుకొకటి. మా ఆయన నోట్లు పెట్టి, అంటించి, ఇచ్చేటప్పుడు చెప్పాల్సిన మాట అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు కూడా చేశాడు.

పోర్టర్ల షెడ్డు కొండదారి మొదట్లోనే ఉంది. రేకుల కప్పు, తలుపు లేని గది. గోడంతా మేకులు. మేకు మేకుకీ ఒక రేకు బిళ్ళ, బిళ్ళ మీద ఒక అంకె. మొదటి మేకు మీద ఎవరి బిళ్ళ ఉంటే వంతు వాళ్ళది. వంతు వచ్చినవాడు బిళ్ళ తీసుకుని మెళ్ళో వేసుకుని బయల్దేరతాడు. పని ముగిశాక ఆ బిళ్ళ వెళ్ళి చిట్టచివరి మేకుకి చేరుతుంది. సంగతంతా మాకు చెప్పింది గైడు. మా అక్క వయసుంటుందావిడకి. సన్నగా, నిటారుగా, మనసులో మాట దాచుకోని మనిషి. వెంటనే గైడక్క అని పిలవడం మొదలుపెట్టేశాను. ఆవిడా వద్దనలేదు.

"మీ పోర్టరు ఈయన. రేడియో అంటాం," అంది. "ఆపడానికి బటనుండదు. ముందే చెబుతున్నా."

రేడియో అప్పటికే మొదలైపోయాడు. మా బాబాయి వయసు మనిషి. నున్నగా గడ్డం గీసుకుని, తలకి ఇంత నూనె పట్టించి, మెళ్ళో రేకు బిళ్ళతోపాటు ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ ఒకటి దండలా వేసుకున్నాడు. మేం దాని వంక చూడటం చూసి, అడక్కముందే చెప్పాడు.

"మా ఇంటావిడకి. పై మజిలీ లాడ్జిలో వంట తనే చేస్తుంది. ఈ గ్యాస్కెట్ లేక పప్పుడకట్లేదని కబురు మీద కబురు. ఇంకొకళ్ళ చేత పంపొచ్చుగా అంటారా? పంపను. నేనే ఇస్తాను. ఎండాకాలం పోయాక మళ్ళీ ఇదే నా వంతు రావడం. ఇంకోసారి వంతొచ్చేసరికి మంచు పడి దారి మూసేస్తారు. చలికాలం లాడ్జి కాపలా కూడా ఆవిడదే, కిందికి రాదు. అంటే ఇప్పుడు చూస్తే చూసినట్టు, లేకపోతే మళ్ళీ పూలు పూసేదాకా లేదు."

"మరి ఊరికే నడిచి వెళ్ళిరావచ్చుగా బాబాయ్?" అన్నాను.

"మొదటి మజిలీ దాటాలంటే మెళ్ళో బిళ్ళుండాలమ్మా. ఈ రోజుల్లో బిళ్ళ లేనివాణ్ణి పైకి వదలరు, మంచులో ఇరుక్కుంటాడని. పొద్దుగుంకే లోపల అక్కడి మేకుకి బిళ్ళ తగిలించామా, మర్నాడు దర్జాగా పైకి. లేదా, వంతు పోయినట్టే."

కొక్కెం తక్కెడకి మా సామాను తగిలించినతను ముల్లు చూసి, మమ్మల్ని చూసి, "కాపురం మారుస్తున్నారా?" అని అడిగాడు. మా ఆయన నావైపు చూశాడు. నేను కొండలవైపు చూశాను. చాలా అందంగా ఉన్నాయి.

దారిలో రేడియో ఆగలేదు. నుదుటికి పట్టీ, వీపున మా సామానంతా నింపిన బుట్ట, నోట్లో కాపురం మీద ఉపన్యాసం. "సారూ, పెళ్ళాంతో గొడవ పడాలనుంటే దిగేటప్పుడు పడండి. ఎక్కేటప్పుడు పడితే ఆయాసమొచ్చి, గెలిచే మాట కూడా ఓడిపోతారు." "అమ్మా, మొగుడు దారి తెలుసన్నాడంటే, తెలీదని అర్థం." మా ఆయన పడీపడీ నవ్వుతున్నాడు. నాకైతే ఆ ఎండ, ఆ గాలి, ముందు నడుస్తున్న మా ఆయన చెవుల ఎరుపు, అన్నీ ఎవరో నాకోసం ప్రత్యేకంగా పెట్టించినట్టున్నాయి.

మలుపు మీద రాతి అరుగు ఒకటి వచ్చింది. అందరూ అక్కడే బరువు దించి ఆగుతారట. గైడక్క సీసాలు తీసుకుని పక్కనున్న ఊట దగ్గరికి వెళ్ళింది. మా ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు. ఇదే మంచి సమయం.

రెండు చేతులా కవరు పట్టుకుని, కొద్దిగా వంగి, ప్రాక్టీసు చేసిన మాట చెప్పాడు. "మీరు చేసిన సాయానికి మేమిద్దరం ఎంతో కృతజ్ఞులం."

రేడియో కవరు అందుకున్నాడు. పిచ్చుకల్ని చూశాడు. కింద అక్షరాలు చదివాడు. మా ఇద్దరినీ చూశాడు. బుట్ట మూత సరిచేశాడు. పట్టీ విప్పి, చుట్టచుట్టి దాని మీద పెట్టాడు. మెళ్ళోంచి రేకు బిళ్ళ తీసి ఆ చుట్ట మీద పెట్టాడు. మాకు దణ్ణం పెట్టి, వచ్చిన దారినే కిందికి దిగి వెళ్ళిపోయాడు.

"ఎంత పొంగిపోయాడో చూడు, నోట మాట రాలేదు," అన్నాడు మా ఆయన.

"ఎక్కడికెళ్ళాడు?"

"చెట్టుచాటుకి అయ్యుంటుంది. వచ్చేస్తాడు."

గైడక్క సీసాలతో తిరిగొచ్చింది. బుట్ట చూసింది. బిళ్ళ చూసింది.

"రేడియో ఏడీ?"

"ఇచ్చేశాం అక్కా!" అన్నాను ముఖమంతా నవ్వుతో.

"ఏమిచ్చేశారు?"

"టిప్పు! ఇదిగో, మీది కూడా..." అని మా ఆయన రెండో కవరు తియ్యబోయాడు. ఆవిడ పామును చూసినట్టు రెండడుగులు వెనక్కి వేసింది.

"జేబులో పెట్టండి! పెట్టండి ముందు! నాక్కూడా ఉద్వాసన చెబుతారా ఏంటి?"

అరుగు మీద కూలబడి, తల పట్టుకుని, అప్పుడు చెప్పింది. ఈ కొండదారిలో టిప్పు చేతికిచ్చారంటే ఇక నీ పని అయిపోయింది, నువ్వెళ్ళొచ్చు అని అర్థం. ఆఖరి మజిలీలో, అందరూ గుండ్రంగా నిలబడ్డాక, పేరు పెట్టి పిలిచి, ఈయన ఇది చేశాడు అది చేశాడు అని నాలుగు మాటలు చెప్పి ఇస్తారు. దారి మధ్యలో ఇస్తే పంపించేశారని లెక్క. అదీ మొదటిరోజే, మొదటి అరుగు దగ్గరే పంపించేశారంటే, చెయ్యకూడని పనేదో చేశాడనే అందరూ అనుకుంటారు.

"మేమేదో ఆయన సంతోషంగా మొయ్యాలని..." అన్నాడు మా ఆయన. ముఖం పాలిపోయింది. యాసిడ్ సీసా పగిలినప్పుడు కూడా అలా అవ్వలేదు.

"సంతోషంగానే మోస్తున్నాడుగా సారూ! పెళ్ళాం దగ్గరికి వెళ్తున్నాడాయె!"

నేను అప్పటికే పరిగెడుతున్నాను. కాలేజీలో పరుగుపందేల్లో నాకు కప్పులున్నాయి. పెళ్ళిచూపుల్లో ఆ సంగతి ఎవరూ అడగలేదు గానీ, సంసారంలో అక్కరకొచ్చింది. రాళ్ళు, వేర్లు, ఎదురొస్తున్న కంచరగాడిదలు, వాటివెనక "చూసుకెళ్ళు తల్లీ!" అని అరుస్తున్న వాటి యజమాని, అన్నీ దాటి కిందికి వచ్చేసరికి వేలాడే వంతెన చివర రేడియో కూర్చుని ఉన్నాడు. కవరు విప్పలేదు. మోకాలి మీద పెట్టుకుని పిచ్చుకల వంక చూస్తున్నాడు.

"బాబాయ్!" అన్నాను, రొప్పుతూ.

"మాటలు ఎక్కువయ్యాయామ్మా?" అన్నాడు. గొంతు చిన్నదైపోయింది. "గైడు చెబుతూనే ఉంటుంది, తగ్గించుకోమని. కొత్తగా పెళ్ళైనవాళ్ళు, కాస్త ఏకాంతం కావాలనుకుంటారని నాకే తోచాల్సింది."

"అయ్యో అది కాదు బాబాయ్, మా పిన్ని..."

అతను వినట్లేదు. మెళ్ళోంచి గ్యాస్కెట్ తీసి నా చేతికిచ్చాడు. "ఇది మా ఇంటావిడకిచ్చెయ్యండి. రేడియోకి జ్వరమొచ్చి కిందే ఆగిపోయాడని చెప్పండి. పంపించేశారని మాత్రం చెప్పకండి. ఈలోగా ఇంకెవడో చెప్పనే చెబుతాడనుకోండి. అయినా మీరు చెప్పకండి."

నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే మా పిన్ని గురించి మొత్తం చెప్పాను. హోటల్లో వడ్డించినతను చిల్లరతో వెంటపడిన కథతో సహా. ఎందుకు చెప్పానో తెలీదు, కంగారులో నాకు అన్నీ వరసగా వచ్చేస్తాయి. రేడియో నోరు తెరిచి విన్నాడు. బజారంతా పరిగెత్తారన్న చోట పెదవి చివర కదిలింది.

"చిల్లరిచ్చెయ్యడానికి అంత పరుగా?"

"అంత పరుగూ. రా బాబాయ్, ఆ కవరు వెనక్కిచ్చెయ్యి, అంతా మర్చిపోదాం."

"తీసుకున్నది వెనక్కివ్వకూడదమ్మా. ఇస్తే మీకు అవమానం."

"మాకేం అవమానం లేదు!"

"ఉంటుంది," అన్నాడు గట్టిగా. "మీకు తెలీట్లేదంతే."

ఈలోగా గైడక్క, ఆవిడ వెనక మా ఆయన దిగొచ్చారు. మా ఆయన వీపున బుట్ట ఉంది. ఎత్తుకోవడం రాక రెండు చేతులూ వెనక్కి పెట్టి కింద నుంచి పట్టుకున్నాడు.

"దారి దొరికింది," అంది గైడక్క. "రేడియో, నీకు జ్వరమొస్తే ఏం చేస్తావు?"

"మా బావమరిదిని మొయ్యమంటాను."

"వంతెవరిది?"

"నాదే. చేబదులిచ్చినట్టు. మజిలీకి చేరాక నా జేబులోంచి టిప్పిచ్చి వాణ్ణి పంపించేసి, నా బరువు నేనెత్తుకుంటాను."

"సరే. ఇవాళ నీకు జ్వరం. సారు నీకు చేబదులు. కవరు, నువ్వు పడుకున్నన్నాళ్ళకి ఖర్చు." బిళ్ళ తీసి మా ఆయన మెళ్ళో వేసింది. "పొద్దుగుంకే లోపల సారు వీపు మీదే ఇది మజిలీకి చేరాలి. ఇంకొకళ్ళు చెయ్యి వేస్తే చెల్లదు. అమ్మా, మీరు కూడా."

రేడియో మా ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. గొర్రెను బేరం చేసేవాడి చూపది. "ఈయనా?" అన్నాడు.

"నేనే," అన్నాడు మా ఆయన. ఆ మాటన్న తీరుకి నాకు ఇంకోసారి పెళ్ళి చేసుకోవాలనిపించింది.

ఇక ఆ దారి సంగతి ఏం చెప్పమంటారు. ఖాళీ చేతులతో నడవడం రేడియోకి అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒకసారి జేబుల్లో, ఒకసారి వెనక్కి, ఒకసారి నెత్తి మీద. నోటికి మాత్రం పని దొరికింది. "పట్టీ కిందికి జారింది సారూ. కళ్ళు మూస్తే ఎలా? అడుగు చిన్నది. ఇంకా చిన్నది. పెళ్ళికూతురు నడిచినట్టు. ఈ పెళ్ళికూతురిలా కాదు, ఆవిడ నిన్న కొండ దిగిన రాయిలా దిగింది." పొద్దున్న దిగినదాన్ని నిన్న అన్నాడంటే, ఆయనకీ ఎంత పొడుగ్గా గడిచిందో ఆ రోజు.

సగం దారిలో, ఒక రాయికి బుట్ట ఆనించి ఊపిరి తీసుకుంటూ మా ఆయన అడిగాడు, "ఇందులో కుడివైపు ఏదో గట్టిగా గుచ్చుకుంటోంది. ఏంటది?"

"ఏమో," అన్నాను.

"ఏమో అంటే?"

"ఇస్త్రీపెట్టె."

మా ఆయన మెడ తిప్పగలిగినంత తిప్పి బుట్ట వంక చూశాడు. రేడియో కూడా.

"కొండ మీద," అన్నాడు మా ఆయన, ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి తీసుకుంటూ, "కరెంటు ఎక్కడుంటుందనుకున్నావు?"

"లాడ్జిలో ఉంటుందనుకున్నా! ఫోటోల్లో నలిగిపోయి కనబడమంటావా?"

"సారూ, ఎక్కేటప్పుడొద్దన్నానా?" అన్నాడు రేడియో. "దిగేటప్పుడు అడుగుదురుగాని. అమ్మా, ఎడమవైపు మెత్తగా ఉన్నదేంటి?"

"చెప్పులు."

"ఎన్ని జతలని నేనడగను," అన్నాడు మా ఆయన, మళ్ళీ బరువెత్తుకుంటూ.

అదే మా మొదటి గొడవ. చాలా బాగా జరిగింది.

కానీ ఎండ కొండకొమ్ము వైపు జారుతోంది. ఆఖరి ఎత్తులో మా ఆయన నాలుగడుగులు వేస్తే ఒకసారి ఆగుతున్నాడు. మజిలీ పైన కనబడుతూనే ఉంది. రాతి గది, దాని ముందు మేకుల పలక, పలక పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్దాయన. ఎండ పలక మీదనుంచి జారిపోతే ఆయన లేచి గంట కొడతాడు, ఇక ఏ బిళ్ళా తగిలించనివ్వడు. గైడక్క ఎండనీ పలకనీ మార్చి మార్చి చూస్తోంది. పొద్దున్నుంచీ ఆగని రేడియో, మా ఆయన అడుగు అడుగుకీ పెదాలు మాత్రం కదుపుతున్నాడు. చెయ్యి వెయ్యకూడదని రెండు చేతులూ చంకల్లో గట్టిగా బిగించుకున్నాడు. నేను ముందు నడిచి, వెనక్కి తిరిగి మా ఆయన ముఖంలోకి చూస్తూ అడుగులు వేశాను. ఏం చెప్పాలో తోచక మళ్ళీ పిన్ని కథ మొదలుపెట్టాను. ఒక ఊళ్ళో పిన్ని టాక్సీవాడికి టిప్పివ్వబోతే, వాడు తనే ఈవిడకి ఒక బత్తాయి ఇచ్చిన కథ. "ఎందుకిచ్చాడు?" అన్నాడు మా ఆయన రొప్పుతూ. "పైకొస్తే చెబుతా." ఒకడుగు. "చెప్పు." "ఇంకొంచెం పైకి." ఒకడుగు. అలా బత్తాయిని చూపించి మా ఆయన్ని కొండెక్కించాను.

ఎండ పలక అడుగు అంచున సన్నటి గీతలా మిగిలినప్పుడు మా ఆయన బిళ్ళ తగిలించాడు. మేకు దొరక్క రెండుసార్లు పలకకి గీశాడు. మూడోసారి పడింది. పెద్దాయన బిళ్ళ చూసి, మనిషిని చూసి, "రేడియో చాలా మారిపోయాడే," అన్నాడు.

"చేబదులు," అంది గైడక్క. "జ్వరం."

పెద్దాయన ఎర్రగా నిగనిగలాడుతున్న రేడియోని తేరిపార చూశాడు. "తగ్గినట్టుంది," అన్నాడు. గంట కొట్టాడు.

అయితే ఇంకా అయిపోలేదు. చేబదులు మనిషిని పద్ధతిగా పంపించేస్తేనే వంతు రేడియోకి తిరిగొస్తుంది. మజిలీలో ఉన్న పోర్టర్లంతా, కంచరగాడిదలాయనతో సహా, గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో మా ఆయన, నుదుటి మీద పట్టీ ముద్రతో. రేడియో గొంతు సవరించుకున్నాడు. జీవితంలో మొదటిసారి తను టిప్పిచ్చే వైపు నిలబడి మాట్లాడుతున్నానని ఆ గొంతులోనే తెలిసిపోతోంది.

"కెమిస్ట్రీ సారూ," అని పిలిచాడు. "ఇతనికి బరువెత్తుకోవడం రాదు. దించుకోవడం అంతకన్నా రాదు. దారిలో ఒక్క రాయిని కూడా తగలకుండా వదల్లేదు, అన్నిటినీ పేరుపేరునా పలకరించాడు. కానీ బుట్ట నేలకి పడెయ్యలేదు. నా వల్ల కాదనలేదు. ఇస్త్రీపెట్టె మోస్తున్నానని తెలిశాక కూడా తీసి అవతల పారెయ్యలేదు. అదీ గొప్ప." అందరూ అవునవునన్నారు. "ఇంకో నాలుగేళ్ళు కడుపునిండా పెడితే మనిషి పనికొస్తాడు. ఆ బాధ్యత అమ్మది." అని, తన చొక్కా లోపలి జేబులోంచి మడత నోటు ఒకటి తీసి, రెండు చేతులా ఇచ్చాడు. చాలా చిన్న నోటు.

మా ఆయన అది అందుకున్నాడు. మొదటి జీతం రోజు నేను చూడలేదు గానీ, అంత సంతోషపడి ఉండడని పందెం కాస్తాను. కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ పిలుస్తారా?" అని అడిగాడు.

"చూద్దాం," అన్నాడు రేడియో. బిళ్ళ తీసి, నేను తిరిగిచ్చిన గ్యాస్కెట్‌తోపాటు తన మెళ్ళో వేసుకున్నాడు. ఆ మాత్రానికే మనిషి పొడుగయ్యాడు.

మర్నాడు పొద్దున మేం మొహాలు కడుక్కుని బయటికొచ్చేసరికి బుట్ట లేదు. రేడియో లేడు. పైన, దారి మలుపు తిరిగేచోట, బుట్ట కింద రెండు కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. అవి నడవట్లేదు, దూకుతున్నాయి.

"బాబాయ్!" అని అరిచాను. "ఆగు! మా స్వెట్టర్లన్నీ అందులోనే ఉన్నాయి!"

వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపాడు. గాలికి అతని గొంతు కిందికి వినబడింది. మాతో కాదు మాట్లాడుతున్నది. లాడ్జిలో అడుగుపెట్టగానే ఆవిడకేం చెప్పాలో ఇప్పట్నుంచే పైకి చెప్పుకుంటున్నాడు. "ముందు కూర్చో, చెబుతాను. ఒక పిన్ని ఉందట..." అన్నది మాత్రం స్పష్టంగా వినబడింది.

"ఇక ఆగడు," అంది గైడక్క, టీ గ్లాసు చేతిలో తిప్పుతూ. "సాయంత్రానికి సామాను లాడ్జిలో ఉంటుంది. మీరుంటారో లేదో చూడాలి."

మా ఆయనకి కాళ్ళు వంగట్లేదు. నాకు పళ్ళు చలికి టకటకలాడుతున్నాయి. గైడక్క తన శాలువా తీసి మా మీద పడేసింది. ఒకే శాలువాలో ఇద్దరు కొండెక్కడం కుదరదని, అడుగులు కలవవని, పడతారని హెచ్చరించింది కూడా.

పడ్డాం. రెండుసార్లు. అయినా శాలువా విప్పలేదు.